“పడదు” అన్న మాట: చీటీ నుంచి కంప్యూటర్ దాకా

“మా వాడికి వంకాయ పడదు”, “అమ్మకు దుమ్ము పడదు” అనడం మన ఇళ్లలో పరిపాటి. డాక్టర్లు ఎలర్జీ అనే జబ్బుకు మన భాషలో ఇంతకంటే చక్కని మాట లేదు. అందరికీ మంచిదైన వస్తువే ఒకరికి ప్రాణం మీదికి తెస్తుంది. అందుచేత ఈ వైద్యంలో మందు ఎంత ముఖ్యమో, ఎవరికి ఏది ఎప్పుడు పడలేదన్న లెక్కా అంతే ముఖ్యం. ఆ లెక్క ఎలా పెరుగుతూ వచ్చిందో సభ్యులకు క్లుప్తంగా మనవి చేస్తున్నాము.

వెయ్యేళ్లకు పూర్వమే ఇరాన్‌లోని రయ్ నగరానికి చెందిన హకీం అబూబకర్ అల్ రాజీ ఒక చిన్న గ్రంథం రాశారు. అబూ జైద్ బల్ఖీ అనే పండితునికి వసంత ఋతువులో గులాబీల వాసన తగిలితే ముక్కు కారడం ఎందుకన్నదే దాని విషయం. 1819లో లండన్ వైద్యుడు జాన్ బోస్టాక్, ఏటా వేసవిలో తనకే వచ్చే కళ్ల మంట, తుమ్ములు, ఆయాసం గురించి సాటి వైద్యులకు వినిపించారు. అలాంటి రోగుల కోసం వెతగ్గా వెతగ్గా 1828 నాటికి ఆయనకు దొరికినవారు 28 మంది. మాంచెస్టర్ వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ జిగురు పూసిన గాజు పలకల మీద గాలిలోని పుప్పొడిని పట్టి, సూక్ష్మదర్శిని కింద రేణువులను లెక్కపెట్టారు. పై గాలిలో ఎంత ఉందో చూడడానికి గాలిపటాలు కూడా ఎగరేశారు. ఆ ఫలితాలను 1873లో అచ్చువేశారు. “ఎలర్జీ” అనే పేరు మాత్రం 1906లో వియన్నా వైద్యుడు పిర్కే పెట్టినది.

పెనిసిలిన్ వచ్చాక ఈ లెక్క ప్రాణాలతో ముడిపడింది. లక్షలమందిని కాపాడిన ఆ మందే పడని కొద్దిమందిని నిమిషాల్లో పొట్టన పెట్టుకోగలదు. పడదన్న సంగతి ఏ పాత చీటీలోనో ఉండిపోతే కొత్త డాక్టరుకు ఎలా తెలుస్తుంది? అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో ఎల్.డి.ఎస్. ఆసుపత్రివారు 1970లలో రోగుల వివరాలను కంప్యూటర్‌లో పెట్టి, రాసిన మందుతో సరిపోల్చి, ప్రమాదముంటే హెచ్చరించే ఏర్పాటు చేశారు. చీటీని ఎవరో ఒకరు తెరచి చూడాలి, కంప్యూటరైతే తానే ముందుకొచ్చి చెబుతుంది.

ఇక వైద్య విజ్ఞానం సంగతి. ఒకప్పుడు ఏ పత్రికలో ఏ వ్యాసం వచ్చిందో తెలియాలంటే లావుపాటి సూచికలు తిరగేయాల్సిందే. 1971లో అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం ఆ సూచికను మెడ్‌లైన్ పేరుతో టెలిఫోన్ తీగల మీదుగా దూరపు కంప్యూటర్లకు అందించింది. 1997లో పబ్‌మెడ్ ద్వారా ఇంటర్‌నెట్‌లో అందరికీ ఉచితం చేసింది. ఇవాళ చిన్న పట్నంలోని డాక్టరు కూడా అరుదైన ఎలర్జీ గురించి కూర్చున్నచోటనే వెతుక్కోవచ్చు.

బ్లాక్లీ లెక్క కూడా ఇప్పుడు ఇంటర్‌నెట్ ఎక్కింది. 2016 నవంబరు 21న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో గాలివాన వచ్చింది. గడ్డి పుప్పొడి చిట్లి, సన్నని పొడియై ఊపిరితిత్తుల్లో చేరింది. వేలమంది ఆయాసంతో ఆసుపత్రులకు పరుగెత్తారు, 10 మంది చనిపోయారు. మరుసటి ఏడు అక్కడి ప్రభుత్వం అలాంటి రోజులను ముందే చెప్పే ఏర్పాటు చేసింది. ఇప్పుడా హెచ్చరిక జనం చేతిలోని సెల్‌ఫోన్‌కే వస్తుంది.

అయితే కంప్యూటర్‌కు మనం చెప్పిందే తెలుసు. అమెరికాలో సుమారు 10 శాతం రోగుల పేరున “పెనిసిలిన్ పడదు” అని రాసి ఉంటుంది. పరీక్ష చేస్తే వారిలో నూటికి తొంభై మందికి పైగా ఆ మందు చక్కగా పడుతుంది! చిన్నప్పుడు జ్వరంలో లేచిన దద్దురో, మందు తిన్నాక వచ్చిన వాంతో ఎలర్జీగా నమోదై జీవితాంతం వెంటాడుతుంది. ఆ రాత వల్ల మంచి మందు అందక, ఖరీదైన వేరే మందులు వాడాల్సి వస్తుంది. రాయకపోతే ప్రాణాపాయం, తప్పు రాస్తే అదొక నష్టం.

మన దేశంలో 2020 మార్చిలో దూరవైద్యానికి నియమావళి వచ్చింది. 2021 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ మొదలై, మనిషికి 14 అంకెల ఆరోగ్య సంఖ్య ఇస్తున్నారు. దద్దుర్ల ఫోటోను డాక్టరుకు ఫోన్‌లో పంపవచ్చు గానీ, చర్మపరీక్షకు మాత్రం ఎదుటికి వెళ్లవలసిందే.

ఈ యంత్రాలన్నిటికీ మూలం మన ఇంట్లోని ఒక కాగితమే. కనుక సోదర సోదరీమణులకు మా విన్నపం ఒక్కటే. ఇంటిల్లిపాది పేర్లు రాసి, ఎవరికి ఏ మందు, ఏ తిండి, ఏ నెలలో పడలేదో, ఏమైందో, ఎంతసేపటికైందో పక్కనే రాసిపెట్టండి. దొడ్డిచుట్టూ వయ్యారిభామ పూసి ఉన్నా రాయండి. అనుమానమున్నవి డాక్టరుకు చూపించి తేల్చుకోండి. ఏ ఆసుపత్రి గడప తొక్కినా ఆ కాగితం ముందు చూపించండి. అది కంప్యూటర్‌లోకి ఎక్కిందో లేదో అడిగి మరీ తెలుసుకోండి.