ప్రళయకావేరి తీరమున ఒక దినము

తిరుపతి నుండి సూళ్లూరుపేట, తడ మీదుగా రాష్ట్రపు హద్దు దాటి, పొన్నేరి దారిన పులికాట్ చేరుకున్నాము. ఆ సరస్సుకు మనవారి పేరు ప్రళయకావేరి. నేడు ఊరిలో జరిగేది చేపల, రొయ్యల, పీతల బేరమే.

1613లో డచ్చివారు ఇక్కడ గెల్డ్రియా కోట కట్టారు. తెలుగు, తమిళ సాలెవారు నేసిన బట్టలు ఓడలెక్కి జావా మొదలైన దీవులకు పోయేవి, బదులుగా సుగంధద్రవ్యాలు వచ్చేవి. కరవు యేండ్లలో మనుష్యులనూ ఎక్కించారు. ఆకలికి తాళలేక అమ్ముకున్న బిడ్డలను కొని, బటేవియాకు దాసులుగా పంపారు.

ఆ కాలమందే, 1632 నుండి పదేండ్లు, అబ్రహాం రోజేరియస్ అను పాదిరిగారు ఇక్కడి డచ్చి సంఘమునకు కాపరి. పద్మనాభుడనే బ్రాహ్మణుని అడిగి మన ఆచారాలను, భర్తృహరి సుభాషితాలను వ్రాసుకున్నారు. ఆయన మరణించిన పిమ్మట, 1651లో ఆ గ్రంథము అచ్చయినది. గొప్ప పనే. అయితే ఓడలెక్కిన ఆ బిడ్డలను గూర్చి సంఘము ఏమనుకొన్నదని మాలో ఒకరు అడిగారు. ఎవరమూ జవాబు చెప్పలేకపోయాము.

సమాధుల తోట వాకిట రాతిలో చెక్కిన రెండు అస్థిపంజరాలున్నవి. లోపల దొరల పేర్లు, తేదీలు, వంశచిహ్నాలు. అమ్ముడుపోయినవారికి ఒక్క రాయి లేదు.

ఉత్తరాన శ్రీహరికోట అడవి. రాకెట్లు రాకమునుపు అక్కడి కట్టెలు బకింగ్‌హాం కాలువ పడవల్లో మద్రాసు పొయ్యిలకు చేరేవి. పొద్దు వాలకముందే తిరుగుదారి పట్టాము.