ఏం చూస్తున్నావని అడగని రూలు

2002 ఏప్రిల్ 1కి ముందు హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్ నెట్ సెంటర్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని, అమెరికాలో ఉన్న కొడుకుతో కంప్యూటర్‌లోంచి మాట్లాడడానికి మన దేశంలో అనుమతి లేదు. సాధనం లేక కాదు. కంప్యూటర్ ఉంది, లైను ఉంది, మైకు ఉంది, ఐఎస్‌డీ ఖర్చులో చిన్న వంతుకే మాట కలిపే సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. అడ్డల్లా ఒక్కటే. ఆ మాటలు నెట్ మీద వెళ్లిపోతే ఐఎస్‌డీ బిల్లు రాదు. విదేశీ కాల్స్ మీద అప్పట్లో పూర్తి హక్కు విదేశ్ సంచార్ నిగమ్‌ది, అంటే వీఎస్ఎన్ఎల్‌ది. 1995 ఆగస్టు 15న దేశంలో జనానికి ఇంటర్నెట్ తెచ్చి అమ్మిందీ ఆ సంస్థే. తను అమ్మిన లైన్లోనే తన రెండో వ్యాపారానికి గండి పడుతుంటే, ఆ గండి పెట్టే సైట్లు తెరుచుకోకుండా చేసింది. దాని మీద ఢిల్లీ హైకోర్టులో కేసు కూడా నడిచింది.

ఈ పాత సంగతి ఎత్తడానికి కారణం ఉంది. ఇంటర్నెట్‌ను బజారుగా వదిలేయాలా, ప్రజలందరి మాధ్యమంగా చూడాలా అన్న చర్చ వచ్చినప్పుడల్లా మనం ప్రైవేటా, ప్రభుత్వమా అన్న దగ్గరే ఆగిపోతున్నాం. వీఎస్ఎన్ఎల్ అప్పుడు ప్రభుత్వ సంస్థ. చేసింది మాత్రం పక్కా వ్యాపారి పని. 2014 డిసెంబరులో ఎయిర్‌టెల్ ఇంటర్నెట్ కాల్స్‌కు విడిగా వసూలు చేస్తానని ప్రకటించింది. అదే సేవ, అదే ఆదాయ భయం. జనం గగ్గోలు పెట్టాక కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. యజమాని మారాడు గానీ బుద్ధి మారలేదు. అందుకే తీగ ఎవరిదన్నది నా లెక్కలో రెండో ప్రశ్న. తీగలో ఏం పోతోందో చూసి రేటు కట్టే హక్కు దాని యజమానికి ఉండాలా అన్నది మొదటిది. అలాంటి హక్కు లేదని మన దేశం 2016లో రాసుకుంది. ఆ రూలు పుట్టుక తెలియాలంటే ముందు ఒక క్రికెట్ మ్యాచ్ దగ్గరికి వెళ్లాలి.

1993 నవంబరు, కలకత్తా ఈడెన్ గార్డెన్స్, హీరో కప్ సెమీఫైనల్. దక్షిణాఫ్రికాకు చివరి ఓవర్లో ఆరు పరుగులు కావాలి. బంతి సచిన్ చేతికిచ్చారు. మూడే పరుగులిచ్చి మ్యాచ్ గెలిపించాడు. ఆ ఓవర్ ఇప్పటికీ అందరికీ గుర్తే. దాని వెనక నడిచిన తగాదా అంతగా గుర్తులేదు. బెంగాల్ క్రికెట్ సంఘం ఆ టోర్నీ ప్రసార హక్కులను ట్రాన్స్‌వరల్డ్ ఇంటర్నేషనల్ అనే విదేశీ సంస్థకు ఇచ్చింది. దూరదర్శన్ కాదంది. దేశంలో ప్రసారం చేసే హక్కు ప్రభుత్వానిదేనని వాదించింది. ఆ సంస్థ తెచ్చుకున్న పరికరాలను కస్టమ్స్ ఆపింది. ఆటలో పుట్టిన ఆ గొడవ సుప్రీంకోర్టుకెక్కి, గాలిలో సాగే తరంగాలు ఎవరి సొత్తు అన్న ప్రశ్నగా మారింది.

1995 ఫిబ్రవరి 9న తీర్పు వచ్చింది. ధర్మాసనంలో ముగ్గురు: జస్టిస్ పి.బి. సావంత్, జస్టిస్ ఎస్. మోహన్, జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. జీవన్‌రెడ్డి మన హైదరాబాద్‌లోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి ఢిల్లీ దాకా వెళ్లినవారు. మిగతా ఇద్దరితో ఏకీభవిస్తూనే ఆయన విడిగా తీర్పు రాశారు. తరంగాలు ప్రజల ఆస్తి, వాటిని ప్రజల మేలుకే వాడాలి అన్నది ముగ్గురి మాట. జీవన్‌రెడ్డి ఇంకాస్త ముందుకు వెళ్లారు. ప్రసార మాధ్యమం ప్రభుత్వం గుప్పిట్లో ఉంటే, ఆచరణలో అది అధికారంలో ఉన్న పార్టీ గుప్పిట్లో ఉన్నట్టే అన్నారు. అలాగని డబ్బున్నవాళ్లకు అప్పజెప్పడానికీ ఒప్పుకోలేదు. వాళ్ల చేతిలో పడితే వాళ్లకు గిట్టే మాటే వినబడుతుందన్నది ఆయన భయం. పౌరులకు రకరకాల అభిప్రాయాలు అందాలి, అప్పుడే వాళ్లు సొంతంగా ఒక నిర్ణయానికి రాగలరు, వాక్ స్వాతంత్ర్యం అంటే అది కూడా అని రాశారు. అదే ఏడాది ఆగస్టులో ఇంటర్నెట్ వచ్చింది. ఆయన తీర్పులో దాని ఊసే లేదు. ఇరవై ఒకటో ఏట ఆ తీర్పు దానికే అక్కరకొచ్చింది.

మధ్యలో జరిగినది త్వరగా చెప్పేస్తాను. వీఎస్ఎన్ఎల్ మొదట్లో ఏడాదికి 250 గంటల డయలప్ కనెక్షన్‌ను వ్యక్తులకు 5,000 రూపాయలకు అమ్మింది. వేగం సెకనుకు 9.6 కిలోబిట్లు. 1998 నవంబరులో ప్రైవేటు వాళ్లకు తలుపులు తెరిచారు. అప్పుడు ముందుగా దిగినవాటిలో సత్యం ఇన్ఫోవే ఒకటి, మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ పిల్ల సంస్థ. ఆ తర్వాత దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేటల్లో జిరాక్స్ మిషన్ ఉన్న ప్రతి షాపూ నెట్ సెంటర్ అయింది. నెట్ మీద ఫోన్ మాట్లాడుకోవడానికి 2002లో అనుమతి వచ్చింది. ఆ పైన బీమ్ టెలికాం బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. అదే తర్వాత యాక్ట్‌లో కలిసింది.

ఇక 2015. ఫిబ్రవరి 10న ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ కలిసి ఇంటర్నెట్.ఆర్గ్ అనే ఉచిత సేవను భారత్‌లో మొదలుపెట్టాయి. తర్వాత దాని పేరే ఫ్రీ బేసిక్స్ అయింది. ముందుగా ఎంచుకున్న కొద్ది సర్కిళ్లలో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ ఉంది. టెలికాం లెక్కలో తెలంగాణ కూడా దాని కిందికే వస్తుంది. ముందుగా ఎంచుకున్న భాషల్లో తెలుగూ ఉంది. అంటే దేశమంతా వాదించుకున్న ఆ ప్రయోగం మొదటి రోజు నుంచీ మన ఫోన్లలో ఉంది. ముప్పైకి పైగా సైట్లు, డేటా ఖర్చు లేకుండా.

ఈ ఉచితాన్ని సమర్థించిన వాళ్ల మాటను తేలిగ్గా తీసెయ్యలేం. ఏమీ లేనివాడికి ఎంతో కొంత దొరకడం మేలే కదా అన్నారు. నల్లగొండ నుంచో, మహబూబ్‌నగర్ నుంచో వచ్చి దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ముగ్గురు పడుకునే గదిలో ఉంటూ గ్రూప్స్‌కు చదువుకునే కుర్రాడికి అప్పట్లో ఒక జీబీ డేటా అంటే మెస్ బిల్లులో కోత పెట్టుకోవడమే. అతని ముందు నిలబడి సూత్రాలు వల్లించడం సులువు కాదు.

కానీ ఆ కుర్రాడికి నిజంగా ఏం కావాలో నెట్ సెంటర్లో ఒక సాయంత్రం నిలబడితే తెలుస్తుంది. "అన్నా, గ్రూప్స్ ఓటీఆర్ ఫారంలో ఫొటో సైజు ఎక్కువుందంట, తీసుకోవట్లే." "ఇట్ల పంపు తమ్ముడూ, తగ్గిస్త. సంతకం వేరేగ స్కాన్ చెయ్యాలె." వెనక నలుగురు నిలబడి ఉంటారు. ఒకరికి హాల్ టికెట్, ఒకరికి ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లు, ఒకామెకు పాత ప్రశ్నపత్రాల పీడీఎఫ్, ఇంకొకతనికి ఊళ్లో తండ్రి భూమి రికార్డు. ఒక్కొక్కరిది ఒక్కో సైటు. నేటి పనికి ఏ సైటు కావాలో నిన్న ఎవరూ చెప్పలేరు. ఎక్కడో కూర్చుని ముప్పై సైట్లు ఏరి పెట్టినవాడు అసలే చెప్పలేడు.

ఇంకొకటి కూడా ఉంది. ఫ్రీ బేసిక్స్‌లో చేరాలంటే ఏ సైటైనా ఆ సంస్థ సాంకేతిక షరతులకు లోబడాలి. వీడియో పనికిరాదు, ఇంటర్నెట్ కాల్స్ పనికిరావు, పెద్ద బొమ్మలు పనికిరావు. దిల్‌సుఖ్‌నగర్ సందులో రెండు గదుల్లో కోచింగ్ నడుపుతూ, తన పాఠాలు రికార్డు చేసి ఊళ్లలో పిల్లలకు పంపాలనుకున్న మాస్టారికి అక్కడ చోటు లేదు. చూసేవాడికి ఉచితం అన్నారు గానీ, చూపించేవాడికి గుమ్మం దగ్గర కాపలా పెట్టారు. ఆ కాపలాదారు ఎంత మంచివాడన్నది నాకు పట్టదు. అసలు కాపలా ఎందుకన్నదే నా ప్రశ్న.

ఏప్రిల్‌లో ఎయిర్‌టెల్ జీరో పేరుతో రెండో పథకం వచ్చింది. ఇందులో డేటా ఖర్చు యాప్ కంపెనీ కడుతుంది, ఆ యాప్ వాడేవాళ్లకు ఉచితం. డబ్బున్న యాప్ కడుతుంది, కొత్తగా పుట్టినది కట్టలేక చస్తుంది. చేరాలనుకున్న ఫ్లిప్‌కార్ట్ విమర్శలకు జడిసి కొద్ది రోజులకే తప్పుకుంది. అంతకుముందే మార్చి 27న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక సంప్రదింపుల పత్రం పెట్టి జనం అభిప్రాయం అడిగింది. అలాంటి పత్రాలకు మామూలుగా కంపెనీల లాయర్లే జవాబు రాస్తారు. ఈసారి పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వచ్చిపడ్డాయి. డిసెంబరు 9న ట్రాయ్ వేర్వేరు రేట్ల విషయం మీదే ఇంకో పత్రం పెట్టింది. ఫేస్‌బుక్ పేపర్లలో పెద్ద పెద్ద ప్రకటనలిచ్చి, తన వాడుకరుల చేత ట్రాయ్‌కి మద్దతు సందేశాలు పంపించింది. అడిగిన ప్రశ్నలకు జవాబులేవని ట్రాయ్ నిలదీసింది.

2016 ఫిబ్రవరి 8న, ఆర్.ఎస్. శర్మ ఛైర్మన్‌గా ఉండగా, రూలు వచ్చింది. ఏం చూస్తున్నారన్నదాన్ని బట్టి డేటాకు వేరే రేటు వెయ్యకూడదు, అంతే. ఉల్లంఘిస్తే రోజుకు 50 వేల జరిమానా, మొత్తం మీద 50 లక్షలకు మించకుండా. ప్రమాదాలు, అత్యవసరాల వేళ మాత్రం మినహాయింపు. మూడు రోజులకు, ఫిబ్రవరి 11న, ఫేస్‌బుక్ భారత్‌లో ఫ్రీ బేసిక్స్‌ను మూసేసింది.

ఆ రూలుకు జతచేసిన వివరణలో ట్రాయ్ ఎవరి మాటను ఆసరా చేసుకుందో చూడండి. 1995 నాటి క్రికెట్ కేసు. అందులోనూ జీవన్‌రెడ్డి రాసిన భాగం. ప్రజలకు భిన్నాభిప్రాయాలు అందాలన్న ఆ పేరానే ఎత్తి రాసుకున్నారు. దూరదర్శన్ పట్టు విడిపించడానికి రాసిన మాట, ఫేస్‌బుక్ వాకిలి దగ్గర పనికొచ్చింది. మనవాడు రాసిన ఈ మాట సంగతి మన బళ్లలో ఎక్కడా చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఏడు నెలలు తిరక్కుండానే, సెప్టెంబరు 5న జియో వచ్చి డేటా ధరను నేలకు దించింది. హాస్టల్ కుర్రాడికి ముప్పై సైట్లు కాదు, మొత్తం నెట్ చేతికొచ్చింది. ఫ్రీ బేసిక్స్‌ను మోసిన రిలయన్స్ కమ్యూనికేషన్స్ 2017 చివరికల్లా మొబైల్ కాల్స్ సేవలే ఆపేసింది. ధర తగ్గించే పని బజారు చేసింది, నేను కాదనను. ఆ బజారుకు హద్దు గీసింది మాత్రం రూలు.

బజారు అంటే ఏ కట్టడీ లేని చోటు అనుకునేవాళ్లకు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను గుర్తుచేస్తాను. దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్బీనగర్‌కూ మధ్య, కొత్తపేటలో, అది బాటసింగారం తరలిపోయేదాకా ఎన్నో ఏళ్లు నడిచింది. ఇప్పుడా స్థలం టిమ్స్ ఆసుపత్రికి ఇచ్చారు. అక్కడ నల్లగొండ బత్తాయి వచ్చేది, కొల్లాపూర్ మామిడి వచ్చేది. కొనడం, అమ్మడం, బేరం అంతా ప్రైవేటే. యార్డు మాత్రం మార్కెట్ కమిటీది. కమీషన్ ఏజెంటు యార్డు కాంటా మీద తనకు కావలసినవాడికి ఒకలా, కానివాడికి ఒకలా తూయించాడంటే రైతులు ఊరుకునేవారు కాదు. ఇంటర్నెట్ విషయంలో నేను అడిగేదీ అదే. సరుకు ఎవరిదైనా కానివ్వండి, కాంటా మాత్రం అందరికీ ఒక్కటే ఉండాలి.

ప్రభుత్వమే తీగ వేస్తే సరిపోతుందా? ఆంధ్రప్రదేశ్ ఆ పని చేసింది. కరెంటు స్తంభాల మీదుగా వేల కిలోమీటర్ల ఫైబర్ లాగి, అప్పట్లో 149 రూపాయలకు నెట్, టీవీ, ఫోన్ కలిపి ఇచ్చిన ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి కోవింద్ చేతుల మీదుగా ప్రారంభించారు. పల్లెలకు అది మంచి పనే. అయితే వీఎస్ఎన్ఎల్ కథ తెలిసినవాళ్లు, జీవన్‌రెడ్డి తీర్పు చదివినవాళ్లు, సర్కారు తీగకు కూడా ఇదే రూలు కట్టాలంటారు. 2018లో కేంద్రం ఈ సూత్రాన్ని లైసెన్సు షరతుల్లోనే చేర్చింది కాబట్టి నెట్ ఇచ్చే ఎవరికైనా అది వర్తిస్తుంది. అమెరికాలో ఇదే సూత్రం 2015లో వచ్చి, 2017లో పోయి, 2024లో మళ్లీ వచ్చి, 2025 జనవరిలో కోర్టులో కొట్టుకుపోయింది. మనది నిలబడింది.

తీగలోపలి న్యాయం సరే. తీగ సంగతేమిటి? ఎల్బీనగర్ కాలనీల్లో ఏ కరెంటు స్తంభమైనా చూడండి. తల ఎత్తితే నల్లటి చుట్టలు, వాటి మధ్య స్ప్లిటర్ డబ్బాలు, ఎప్పుడో మూతపడిన కంపెనీ వదిలేసిన తెగిన కేబుళ్లు భుజం ఎత్తుకు వేలాడుతూ ఉంటాయి. 2025 ఆగస్టు 17 రాత్రి, ఉప్పల్ దారిలోని రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ పంపిణీ సంస్థ సిబ్బంది నగరమంతా కేబుళ్లు కోసుకుంటూ పోయారు. చాలా వీధుల్లో నెట్ ఆగిపోయింది. ఎయిర్‌టెల్ హైకోర్టుకు వెళ్లింది. అనుమతి లేని తీగలు స్తంభాల మీద ఎందుకుండాలని కోర్టు గట్టిగానే అడిగింది. ప్రాణాలు పోయిన చోట ఆ ప్రశ్న న్యాయమే. అయితే ఏళ్ల తరబడి నగరంలో చాలా ఇళ్లకు ఇంటర్నెట్ ఆ స్తంభాల మీదుగానే వచ్చింది, దానికి వేరే దారి ఎవరూ వెయ్యలేదన్నదీ నిజమే.

వేరే దారికి చట్టం ఇప్పటికే ఉంది. 2023 టెలికాం చట్టం అన్ని సంస్థలూ సమానంగా వాడుకునేలా ఉమ్మడి డక్టులు, కేబుల్ కారిడార్లు వేయించే అధికారం కేంద్రానికి ఇచ్చింది. దారి హక్కుల కొత్త నిబంధనలు 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. మలక్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో కోసం, ఫ్లైఓవర్ల కోసం, డ్రైనేజీ కోసం రోడ్డు ఎన్నిసార్లు తవ్వారో అక్కడ ఉండేవాళ్లకు తెలుసు. మళ్లీ తవ్వేటప్పుడు పక్కన ఒక ఉమ్మడి గొట్టం కూడా వేయాలి. పెద్ద కంపెనీకీ, సందులో కేబుల్ నడిపే ఆపరేటర్‌కూ అద్దె ఒకే రేటుకు ఉండాలి. ఆ రేటు నగరపాలక సంస్థ బోర్డు మీద అందరికీ కనబడేలా రాయాలి. చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్ కాలనీ సంక్షేమ సంఘాలు వార్డు ఆఫీసులో ఈసారి ఇచ్చే వినతిపత్రంలో వీధిదీపాలు, మురుగుకాలువల పక్కన ఈ మూడూ చేర్చాలి.