తండ్రి మమత - గ్రంథాలయ ప్రేరణ

మన పటాన్‌చెరు ప్రాంతమున తలిదండ్రులు కర్మాగారములకు వెడలినవేళ, అనేక శిశువులకు అంగన్వాడియే తొలి బడి. ఈ శిశువిద్య వెనుక ఒక తండ్రి మమతయు, ఒక గ్రంథాలయ సేవకుని ప్రేరణయు గలవు.

గుజరాతునందు న్యాయవాదియగు గిజుభాయి బధేకా గారికి 1913లో కుమారుడు జన్మించెను. బిడ్డకు దండన లేని చదువు కోరిన ఆయనకు, బరోడా సంస్థాన గ్రంథాలయోద్యమ సారథి మోతీభాయి అమీన్ గారు మాంటిస్సోరీ పద్ధతిని పరిచయము చేసిరి. గిజుభాయి గారు న్యాయవాదవృత్తి వీడి, 1920లో భావనగరమున బాలమందిరము నెలకొల్పిరి. వారి సహోద్యోగిని తారాబాయి మోదక్ గారు పిదప బోర్డి గ్రామమున పేదల వాకిళ్లకే బాలవాడులను గొనిపోయిరి. 1975లో ఆరంభమైన అంగన్వాడులకు అదియే మార్గదర్శి.

మమత సంకల్పము నిచ్చినది; గ్రంథము దారి చూపినది. కావున ఈ రజతోత్సవవేళ, గిజుభాయి గారి 'పగటికల' తెలుగు అనువాదమును మన గ్రంథాలయము ప్రతి యువ తండ్రికిని, తల్లికిని అందింపవలెను.