షెడ్డు ఎప్పుడూ వెనకాలే ఎందుకుంటది? (మన చదువుల చరిత్ర – 7)



మొన్న యూసుఫ్‌గూడలో ఒక సభ అయిపోయాక ఐటీఐ చదివే తమ్ముడొకడు చాయ్ తాగుతూ అడిగాడు: "అన్నా, చేతిపని నేర్పే చదువు మనకు మేలు చేసేదా, మనల్ని ఉన్నకాడనే ఉంచేదా?" అక్కడికక్కడ జవాబు చెప్పలేకపోయాను. ఈ భాగం ఆ తమ్ముడి కోసం.

నాది ఇంటర్ ఒకేషనల్ చదువు. ఏ కాలేజీ అన్నది వదిలేయండి. ఎంపీసీ, బైపీసీ వాళ్లకు మెయిన్ బిల్డింగు. మాకు సైకిల్ స్టాండు దాటాక, మరుగుదొడ్ల పక్కన రేకుల షెడ్డు. లైబ్రరీ మెయిన్ బిల్డింగు మేడమీద. మా ప్రాక్టికల్స్ అయ్యేసరికి దానికి తాళం పడేది. "మీకు పుస్తకాలెందుకురా, మీది పనే కదా" అని నవ్వేవాడు అటెండరు. మా హాజరు పిలుస్తుంటే మాలవాడ, మాదిగవాడ, చాకలి ఇండ్లు వరసగా పిలిచినట్టుండేది. మా వాడ ఊరి వెనకాల. మా షెడ్డు కాలేజీ వెనకాల. ఈ రెంటికీ సంబంధం ఉందని అప్పుడు నాకు తోచలేదు.

చరిత్ర చదివాక తోచింది.

1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ఒక పథకం తెచ్చాడు. ప్రాథమిక బడి పిల్లలకు పూటకు మూడు గంటల చదువు. మిగతా పూట ఇంటిదగ్గర తల్లిదండ్రుల పని నేర్చుకోవాలి. అవే గదుల్లో రెండు షిఫ్టులు నడపొచ్చు, ఎక్కువమందికి చోటు దొరుకుతుంది, ఖర్చు కలిసొస్తుంది అని లెక్క చెప్పారు. ఆ లెక్కలో రెండో తరగతి గది ఏది? చెప్పులు కుట్టేవాడి బిడ్డకు తండ్రి కూర్చునే తోలుముక్కల మధ్య చోటు. పూజారి బిడ్డకు గుడి. సర్కారు ఒక్క ఇటుక పేర్చకుండానే కులానికో వర్క్‌షాపు కట్టేసింది! జనం దానికి కులవిద్య అని పేరుపెట్టి ఎదురుతిరిగారు. 1954లో రాజాజీ దిగిపోయాడు, కామరాజ్ ఆ పథకాన్ని ఎత్తేశాడు.

మరి బాబాసాహెబ్ చేతిపని చదువును వద్దన్నాడా? లేదు. 1942 అక్టోబరులో వైస్రాయికి ఇచ్చిన వినతిపత్రంలో మన పిల్లలకు సైన్సు, టెక్నాలజీ చదువులకు స్కాలర్‌షిప్పులు అడిగాడు. ప్రభుత్వ ప్రెస్సుల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో అప్రెంటిసులుగా తీసుకోమన్నాడు. ఆ చోట్లను చూడండి. కొత్త యంత్రం ఉన్నచోటు, నెల జీతం ఉన్నచోటు, తాతల పని ఏదో ఎవరూ అడగనక్కర లేని చోటు. రాజాజీ బిడ్డను తండ్రి దగ్గరికి తోలాడు. బాబాసాహెబ్ రైల్వే వర్క్‌షాపు తలుపు తెరవమన్నాడు.

అమెరికాలో నల్లజాతి వాళ్లు ఈ వాదన మనకంటే ముందే పడ్డారు. 1881లో మొదలైన టస్కెగీ బడిలో విద్యార్థులే ఇటుకలు కాల్చి తమ భవనాలు కట్టుకున్నారు. వృత్తి శిక్షణ మీదే అంత బరువు పెడితే మన మెదడుకు హద్దు గీసినట్టేనని 1903లో డుబోయిస్ గట్టిగా తప్పుబట్టాడు. ఇద్దరి మాటలోనూ నిజముంది. నాకు మాత్రం రాబర్ట్ టేలర్ ఎక్కువ గుర్తుంటాడు. 1892లో ఎంఐటీ నుంచి పట్టా పొందిన నల్లజాతి ఆర్కిటెక్టు. టస్కెగీ భవనాలెన్నింటికో ప్లాను గీసింది ఆయనే. ఇటుక మోసినవాళ్లూ మనవాళ్లే, ప్లాను గీసినవాడూ మనవాడే అయితే ఆ బడి లెక్కే వేరు.

ఇప్పుడు యూసుఫ్‌గూడకు వద్దాం. ఇక్కడున్న ఎన్ఐ-ఎంఎస్ఎంఈని పాతవాళ్లు సీయెట్ అంటారు. 1960లో ఢిల్లీలో పుట్టి 1962లో హైదరాబాదుకు వచ్చింది. 1964లో హార్వర్డ్ ప్రొఫెసర్ మెక్లెలాండ్ దీని ద్వారానే పేరుమోసిన కాకినాడ ప్రయోగం చేశాడు. ఆ ఊరి వ్యాపార, పారిశ్రామిక వర్గాల నుంచి 52 మందిని తెచ్చి, ఇక్కడ ఉంచి, "సాధించాలి" అనే తపన ఎలా పెంచుకోవాలో నేర్పారు. పాత నమ్మకాలు ఎదుగుదలకు అడ్డం కావని తేల్చారు. మేనేజ్‌మెంట్ పుస్తకాలన్నింటా ఈ పాఠం ఉంది. ఆ 52 మంది అప్పటికే వ్యాపారంలో ఉన్నవాళ్లు కదా! అప్పు పుట్టని వాడను, కొట్టు పెడితే ఎవరూ కొనని వాడను ఆ గదిలో కూర్చోబెట్టి చూశాక చెప్పాల్సిన మాట అది.

అదే యూసుఫ్‌గూడలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరుతో ప్రభుత్వ మహిళా సాంకేతిక శిక్షణ సంస్థ ఉంది. పక్కనే కృష్ణానగర్. అక్కడి గల్లీల్లో సెట్టు వేసే వడ్రంగులు, లైట్‌మెన్, మేకప్ అసిస్టెంట్లు ఉంటారు. జూబ్లీహిల్స్ బంగళాల్లో నిర్ణయమైన సినిమాకు రాజమహల్ నిలబెట్టేది వీళ్లే. పనిలో పండితులు, చేతిలో కాగితం ఉండదు. వాళ్ల పిల్లలకు ఎలాంటి బడి కట్టాలి?

నా లెక్క ఇది. వర్క్‌షాపు గేటు ఎదురుగా ఉండాలి, వచ్చినోళ్లు మొదట దాన్నే చూడాలి. దానికీ లైబ్రరీకీ మధ్య ఒకటే గోడ, ఆ గోడకు తాళం లేని తలుపు. రంపం పట్టే బల్ల పక్కనే డ్రాయింగు బల్ల. కోసేవాడే గీయాలి, లెక్క కట్టాలి. వెలుతురు, గాలి, దుమ్ము లాగే ఫ్యాను. ఆడపిల్లలకు దగ్గర్లో శుభ్రమైన మరుగుదొడ్డి. ఎంపీసీ పిల్లలకూ వారానికి రెండు పీరియడ్లు అక్కడే. షెడ్డులో చదివినవాడికి ఇంజనీరింగు దాకా దారి. ప్లాను గీసే బల్ల దగ్గర మనవాళ్లు.

తమ్మీ, నీ ప్రశ్నకు నా జవాబు: పనిని బట్టి చెప్పలేం. ఆ గది ఎక్కడుంది, దాని తలుపు ఎటు తెరుచుకుంటుంది, లోపల ఎవరి పిల్లలున్నారు – ఇవి చూడు. రేపు మీ ఐటీఐలో లైబ్రరీ ఎన్నింటికి మూస్తారో కనుక్కో. మన కొట్లాట అక్కడినుంచి మొదలుపెడదాం.

(తరువాయి భాగం: హాస్టల్ గదుల చరిత్ర)