కానుగ: ఏ ఉపయోగానికి ఎంత రుజువు?

కానుగను కొత్తగా పరిచయం చెయ్యనక్కర్లేదు. చెరువు కట్ట మీద, పొలం గట్ల మీద, బడి ఆవరణలో, హైవే పక్కన ఎక్కడ చూసినా ఉంటుంది. పల్లెల్లో దాని పుల్లతో పళ్లు తోముకున్నారు. రొట్టను వరి మడిలో తొక్కారు, గింజల నూనెతో దీపాలు వెలిగించారు. గత పాతికేళ్లలో దీనికి ఇంకో పేరు తోడైంది: 'డీజిల్ చెట్టు'. పాత వాడుకల్లోనూ కొత్త ఆశల్లోనూ ఎన్నింటికి గట్టి ఆధారం ఉంది, ఎన్ని నోటి మాటగా మిగిలాయి? అందుబాటులో ఉన్న కొలతలను పక్కపక్కన పెట్టి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

చెట్టు స్వభావం

కానుగ చిక్కుడు కుటుంబానికి చెందిన చెట్టు. వృక్షశాస్త్ర గ్రంథాల్లో పొంగామియా పిన్నాటా అనీ, మిల్లెటియా పిన్నాటా అనీ రెండు పేర్లతోనూ కనిపిస్తుంది. భారత ఉపఖండం నుంచి ఆగ్నేయాసియా మీదుగా ఉత్తర ఆస్ట్రేలియా వరకు సహజంగా పెరుగుతుంది. వేళ్ల బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకు అందిస్తుంది. ఉప్పు నేలనూ, నీటి ఎద్దడినీ, కొన్నాళ్ల ముంపునూ తట్టుకుంటుంది. ఎండాకాలం మొదట్లో కొద్ది రోజులు ఆకు రాల్చి, వెంటనే లేత చిగురు వేస్తుంది. తర్వాత లేత ఊదా, తెలుపు కలిసిన పూలు గుత్తులుగా పూస్తాయి. ఆ పూల నుంచి వచ్చిన కాయ పండడానికి ఇంచుమించు ఏడాది పడుతుంది. అందువల్ల గింజ ఏరే పని ఎక్కువగా మాఘం నుంచి వైశాఖం దాకా సాగుతుంది.

కాయలో సాధారణంగా ఒకటే గింజ. పెంకు గట్టిది, కర్రతో కొట్టి విప్పాలి. నూనె ధరను చివరికి నిర్ణయించేది ఈ కూలి ఖర్చే. చెట్టు గొప్పతనం గురించి రాసేవాళ్లు దీన్ని తరచూ వదిలేస్తారు.

నూనె నుంచి ఇంధనం

గింజ బరువులో నూనె దాదాపు 27 నుంచి 39 శాతం. పల్లెల్లోని చిన్న గానుగలో నికరంగా చేతికొచ్చేది పాతిక శాతం. నూనెలో సగం లేదా అంతకు మించి ఓలియిక్ ఆమ్లమే. బయోడీజిల్‌కు ఇది మంచి లక్షణం. అయితే నూనెను ఉన్నదున్నట్టు ఇంజన్లో పోస్తే చిక్కు వస్తుంది. డీజిల్ కంటే సుమారు పది రెట్లు చిక్కగా ఉంటుంది కాబట్టి నాజిళ్లలో మసి పేరుకుంటుంది. మిథనాల్‌తో చర్య జరిపి గ్లిజరిన్‌ను వేరు చేస్తే ఆ చిక్కదనం తగ్గుతుంది. ఢిల్లీ ఐఐటీ పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగంలో ఒక పాలు నూనెకు ఆరు పాళ్ల మిథనాల్ (అణువుల లెక్కన), ఒక శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ వాడి, 65 డిగ్రీల వేడి దగ్గర 97 శాతం పైగా దిగుబడి సాధించారు.

ప్రయోగశాలలో ఇంత బాగా పనిచేసినది ఊళ్లోకి వచ్చేసరికి తడబడింది. గింజలు తేమ తగిలి నిల్వ ఉంటే నూనెలో ఆమ్లత పెరుగుతుంది. అలాంటి నూనెకు క్షారం కలిపితే బయోడీజిల్‌కు బదులు సబ్బు కడుతుంది. అప్పుడు ముందుగా ఆమ్లంతో ఇంకో దశ శుద్ధి తప్పదు, ఖర్చూ పెరుగుతుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ వేరే దారి ఎంచుకుంది. 1990ల చివర, 2000ల మొదట్లో కర్ణాటకలోని కగ్గనహళ్లిలో కానుగ నూనెతోనే జనరేటర్లు నడిపి బోర్ల నుంచి నీళ్లు తోడించింది. ఊళ్లో దొరికే నూనె ఊరి అవసరానికి పనికొస్తుందని ఆ అనుభవం చూపింది. దేశానికంతటికీ సరిపోతుందని మాత్రం చూపలేదు.

పవర్‌గూడ లెక్క

ఇక్కడ ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని గిరిజన గూడెం పవర్‌గూడ ఉదంతాన్ని నిదానంగా చూడాలి. అక్కడి మహిళా సంఘాలు గింజలు సేకరించి నూనె గానుగ నడిపాయి. 2002లో 4,500 కానుగ మొక్కలు నాటారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పదేళ్లలో ఆ నూనె ఎంత డీజిల్‌ను తప్పిస్తుందో లెక్క కట్టారు. ఆ లెక్క మీద 2003 అక్టోబర్‌లో 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గింపును గూడెం వాళ్లు ప్రపంచ బ్యాంకుకు 645 డాలర్లకు అమ్మారు. పత్రికలు దీన్ని గొప్ప వార్తగా రాశాయి, అందులో తప్పు లేదు. కానీ అంకెలను విడదీస్తే మరో సంగతి బయటపడుతుంది.

147 టన్నుల తగ్గింపు అంటే పదేళ్లకు సుమారు 51 టన్నుల నూనె. 4,500 చెట్లకు పంచితే చెట్టుకు ఏడాదికి కిలో పైచిలుకు నూనె, అంటే నాలుగున్నర కిలోల గింజ. మొదటి నాలుగైదేళ్లు కాపు ఉండదు కాబట్టి సగటు తగ్గిందనుకున్నా, ఇది చాలా జాగ్రత్తగా వేసిన అంచనా. అదే కాలంలో నివేదికల్లో చెట్టుకు 9 నుంచి 90 కిలోల గింజ అని రాసేవారు. ఆ పై అంకెను పొలం మీద పెట్టి చూద్దాం. ఐదు మీటర్ల ఎడంతో ఎకరానికి 160 చెట్లు. చెట్టుకు 90 కిలోలంటే 14 టన్నులు దాటిన గింజ, మూడున్నర టన్నుల నూనె. నీళ్లు, ఎరువులు పెట్టి పెంచే పామాయిల్ తోటలో ఎకరాకు పది టన్నుల గెలలు మంచి దిగుబడే. దాని నుంచి వచ్చే నూనె రెండు టన్నుల లోపు. మెట్ట నేలలో నీళ్లు లేని కానుగ పామాయిల్‌ను మించిపోతుందని నమ్మడానికి ఆధారం లేదు. ఎక్కడో ఏపుగా, ఒంటరిగా పెరిగిన పెద్ద చెట్టు కాపును తోట మొత్తానికి అంటగట్టడమే ఆ పొరపాటుకు మూలం అయ్యుండాలి.

విత్తనంతో పెరిగిన కానుగల్లో ఏ రెండూ ఒకలా కాయవు. అందుకే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు బాగా కాసే చెట్లను ఎంచి అంటు మొక్కల దారి పట్టారు. మన దగ్గర తోటల్లో చాలా వరకు ఎంపిక లేని నారే నాటారు. 2009 జాతీయ జీవ ఇంధన విధానం 2017 నాటికి డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ మిశ్రమాన్ని ఆశించింది. 2018 విధానం బయోడీజిల్ లక్ష్యాన్ని 2030కి 5 శాతానికి దించింది. అసలు మిశ్రమం ఒక శాతాన్ని కూడా తాకలేదు. మొదటి ప్రణాళికలన్నీ అడవి ఆముదం చుట్టూ తిరిగాయి కాబట్టి నెపం మొత్తం కానుగ మీద వేయలేం. కానీ రెండింటి విషయంలోనూ కొలతకు ముందే లక్ష్యం నిర్ణయమైపోయింది.

నేలకు చేసే మేలు

ఇంధనం కంటే గట్టి ఆధారం ఉన్నది ఎరువు వాడకానికి. నూనె తీశాక మిగిలే కానుగ పిండిలో (చెక్కలో) సుమారు 4 శాతం నత్రజని, ఒక్కో శాతం చొప్పున భాస్వరం, పొటాష్ ఉంటాయి. క్వింటా పిండిలోని నత్రజని తొమ్మిది కిలోల యూరియాకు కాస్త తక్కువ. 45 కిలోల యూరియా బస్తాకు సాటి రావాలంటే ఐదు క్వింటాళ్ల పిండి కావాలి. అంటే పిండిని యూరియాకు పూర్తి మారుగా చూడటం సరికాదు. దాని బలం వేరే చోట ఉంది. నత్రజని మెల్లగా విడుదలవుతుంది, నేలకు సేంద్రియ పదార్థం చేరుతుంది.

కానుగ గింజలో కరంజిన్ అనే పదార్థం ఉంది. నేలలో అమ్మోనియా నైట్రేటుగా మారడాన్ని అది నెమ్మది చేస్తుందని 1977లోనే మన శాస్త్రవేత్తలు ప్రచురించారు. నైట్రేటు నీటితో పాటు కిందికి జారిపోతుంది కాబట్టి ఈ నెమ్మది రైతుకు లాభం. ఇలాంటి గుణం ఆధారంగానే వేప పూత యూరియా దేశమంతటా వాడుకలోకి వచ్చింది. కానుగకు ఆ అవకాశం రాలేదు.

రొట్ట సంగతి ఇంకా తేలిక. గట్టు మీది చెట్టు కొమ్మలు నరికి దమ్ములో తొక్కడానికి మిల్లు అక్కర్లేదు, రవాణా అక్కర్లేదు. ఎండిన ఆకులో నత్రజని మూడు శాతం పైనే. కొమ్మలు నరికినా చెట్టు మళ్లీ చిగురిస్తుంది. అయితే గట్టుకు ఆనుకున్న వరుసల్లో నీడ, వేళ్ల పోటీ వల్ల పైరు కొంత తగ్గుతుందన్నది కూడా లెక్కలో వేసుకోవాలి.

పురుగు, పశువు, మందు

కానుగ నూనె, కషాయం మెత్తటి పురుగుల మీద పనిచేస్తాయని ప్రయోగశాల పరీక్షలు చాలా చూపాయి. పొలంలో ఫలితం నూనె తాజాదనం, మోతాదు, వాన మీద ఆధారపడి మారుతుంది. అందుకని వేప నూనెతో కలిపి, పురుగు ఉధృతి పెరగకముందే చల్లే మందుగా చూడటం సబబు.

చెక్కను పశువులకు మేతగా పెట్టడం విషయంలో జాగ్రత్త అవసరం. చేదు, కరంజిన్ వంటి పదార్థాల వల్ల గొర్రెలు, కోళ్లు మేత తగ్గించుకుంటాయి, ఎదుగుదల దెబ్బతింటుంది. శుద్ధి చేయని చెక్క ఎరువుకే పనికొస్తుంది.

చర్మ వ్యాధులకు, పుండ్లకు కానుగ వాడకం ఆయుర్వేదంలో పాతది. గాజు పాత్రల్లో సూక్ష్మజీవుల మీద, ఎలుకల మీద జరిగిన పరీక్షల నుంచి మనుషులకు మందుగా దూకడం తొందరపాటు. నూనెను లోపలికి తీసుకోకూడదు.

ఆధారాల తూకం

కొలతలన్నీ కలిపి చూస్తే ఒక వరుస తేలుతుంది. నీడకు, గట్టు కాపుకు, పచ్చిరొట్టకు, పిండి ఎరువుకు ఆధారం గట్టిది, ఖర్చు తక్కువ. పురుగు మందుగా ఆధారం మధ్యస్థం. ఊరి స్థాయి ఇంధనంగా సాధ్యమే, గింజ ఏరే కూలి, నిల్వ సరిగ్గా కుదిరిన చోట మాత్రమే. దేశ స్థాయి ఇంధనంగా ఇప్పటి దిగుబడులతో ఆధారం బలహీనం.

దీని నుంచి మూడు పనులు తేలుతున్నాయి. కొత్త తోటలకు ముందు, పదేళ్లు పైబడిన తోటల్లో చెట్టువారీగా గింజ తూకం వేయాలి. నాటేటప్పుడు అంటు మొక్కలకే ప్రాధాన్యం ఇవ్వాలి. 2013–14లో మొదలైన అటవీ ఫలసాయాల కనీస మద్దతు ధర పథకంలో కానుగ గింజ ఉంది. ఆ ధర ఏరేవాళ్ల రోజు కూలికి సరిపోతుందో లేదో ఊళ్లో లెక్క చూడాలి. చాలకపోతే గింజ చెట్టు కిందే ఉండిపోతుంది, గానుగకు చేరదు.