గింజల నుంచి జన్యువుల దాకా: అంతర చెవి గ్లైకోప్రోటీన్ల అధ్యయన చరిత్ర

వ్యాస సంగ్రహం:
క్షీరదాల అంతర చెవిలోని ప్రోటీన్లకు అంటి ఉండే చక్కెర అణువులను శాస్త్రజ్ఞులు ఎలా గుర్తించారో ఈ వ్యాసం కాలక్రమంలో పరిశీలిస్తుంది. ఈ చక్కెరలు పరిశోధకులకు మొదట ఒక రంగుగా, తరువాత గింజల ప్రోటీన్లను పట్టి ఉంచే గుర్తులుగా, ఆపైన జన్యుక్రమంలోని స్థానాల సంఖ్యగా కనిపించాయి. ప్రతి దశలోనూ తెలిసినదానికి హద్దు గీసింది అప్పటి సాధనమేనని వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఈ చరిత్రతో తెలుగు ప్రాంతానికి ఉన్న సంబంధాన్ని కూడా చర్చిస్తుంది.

కీలక పదాలు: అంతర చెవి, టెక్టోరియల్ త్వచం, గ్లైకోప్రోటీన్లు, లెక్టిన్లు, మేనరికం.

1. ఉపోద్ఘాతం:

"చెవిటివాని ముందు శంఖమూదినట్టు" అనే సామెతలో చెవుడు ఒక్క మాటతో తేలిపోతుంది. వినబడకపోవడమనే ఫలితమే అందులో ఉంది. ధ్వని ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందన్న ప్రశ్నకు చోటు లేదు. ఆధునిక శరీరధర్మశాస్త్రం ఈ మెట్లను ఒక్కొక్కటిగా విడదీసింది. ధ్వని తరంగం కర్ణభేరిని కదిలిస్తుంది. మూడు చిన్న ఎముకలు ఆ కదలికను కర్ణావర్తంలోని ద్రవానికి అందిస్తాయి. అక్కడి ఆధార త్వచం కదిలినప్పుడు దానిపైనున్న కార్టి అంగంలోని రోమ కణాల కొసలు వంగుతాయి. ఆ వంపు విద్యుత్ సంకేతంగా మారి మెదడుకు చేరుతుంది.

ఈ రోమ కణాలపై జిగురు వంటి పొర ఒకటి పైకప్పులా పరచుకొని ఉంటుంది. అదే టెక్టోరియల్ త్వచం. బాహ్య రోమ కణాల పొడవైన రోమాగ్రాలు దీని అడుగుభాగంలో నాటుకొని ఉంటాయి. ఈ త్వచంలో కణాలు లేవు. దీనిలో సుమారు 97 శాతం నీరు. మిగిలిన కొద్ది భాగంలో ప్రధానమైనవి కొలాజెన్ పోగులు, చక్కెర గొలుసులు తగిలిన ప్రోటీన్లు, అనగా గ్లైకోప్రోటీన్లు. ఇంత పలుచని పదార్థంలోని చక్కెర ఎలా తెలియవచ్చిందన్నదే ఈ వ్యాస విషయం.

2. ఆకారాల కాలం:

ఇటలీకి చెందిన ఆల్ఫోన్సో కార్టి క్షీరదాల కర్ణావర్తంలోని సూక్ష్మ నిర్మాణాన్ని 1851లో వర్ణించాడు. తరువాతి వందేళ్ల పరిశోధన ఎక్కువగా ఆకారాన్నీ కదలికనూ అనుసరించింది. కర్ణావర్తంలో తరంగం ప్రయాణించే తీరును వివరించిన గెయోర్గ్ ఫాన్ బెకెషీకి 1961లో నోబెల్ బహుమతి లభించడం ఆ ధోరణికి శిఖరం వంటిది. ఏది ఎంత కదులుతున్నదో కొలిచారు. కదిలేది ఏ పదార్థంతో తయారైందన్న ప్రశ్న చాలాకాలం వెనుకబడే ఉంది.

తెలుగు పరిభాష కూడా ఈ చరిత్రకు సాక్ష్యమిస్తుంది. తెలుగు మాధ్యమ జీవశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన కర్ణావర్తం, పేటిక, సంచిక, త్వచ గహనం అనే పదాలన్నీ ఆకార సూచకాలే. సుడి, పెట్టె, సంచి, చిక్కుదారి అనే పోలికలే వాటిలో ఉన్నాయి. పదార్థాన్ని తెలిపే గ్లైకోప్రోటీన్, లెక్టిన్ వంటి పదాలు మాత్రం ఆదానాలుగానే నిలిచాయి. ముందు తెలిసినది ఆకారం, ఆలస్యంగా తెలిసినది పదార్థం అన్న క్రమం ఈ రెండు పదవర్గాల తేడాలో కనిపిస్తుంది.

3. రంగుగా కనిపించిన చక్కెర:

కణజాలంలోని చక్కెరను సూక్ష్మదర్శినిలో చూపగల నమ్మకమైన పద్ధతి 1940ల్లో వచ్చింది. పెరయోడిక్ ఆమ్లం చక్కెర అణువులోని కొన్ని బంధాలను తెంచి ఆల్డిహైడ్లను ఏర్పరుస్తుంది. హ్యూగో షిఫ్ 1866లో వర్ణించిన కారకం ఆ ఆల్డిహైడ్లతో కలిసి ముదురు గులాబీ రంగునిస్తుంది. ఈ రెండు చర్యలను జోడించి మెక్‌మానస్ 1946లో కణజాలానికి అన్వయించాడు. 1955లో విస్లాకీ, లాడ్‌మన్ అనే పరిశోధకులు అంతర చెవిలోని కణరహిత పొరలపై కణజాల రసాయన పరీక్షల ఫలితాలను ప్రచురించారు. టెక్టోరియల్ త్వచంతో పాటు సమతుల్యతకు సంబంధించిన పొరలనూ వారు పరిశీలించారు.

దీనితో ఆ పొరల్లో చక్కెర పదార్థం ఉందన్న విషయం స్థిరపడింది. అయితే రంగు ఉనికిని మాత్రమే తెలుపుతుంది. ఆ చక్కెర ఏది, ఏ క్రమంలో ఉంది, ఏ ప్రోటీన్‌కు తగిలి ఉంది అన్న ప్రశ్నలకు గులాబీ రంగు వద్ద సమాధానం లేదు.

4. గింజలు చెప్పిన ఆనవాళ్లు:

ఈ ప్రశ్నకు కొంత సమాధానం చెవితో ఏ సంబంధమూ లేని మరో పరిశోధన నుంచి లభించింది. 1888లో డోర్పట్ విశ్వవిద్యాలయంలో స్టిల్‌మార్క్ ఆముదపు గింజల సారం ఎర్ర రక్తకణాలను గుంపుకట్టిస్తుందని గమనించాడు. 1891లో హెలిన్ గురివింద గింజలోనూ అటువంటి ప్రోటీన్‌నే కనుగొన్నాడు. తెలుగువారు ఒకదానిని నూనెకూ, మరొకదానిని బంగారపు తూకానికీ వాడుకున్న గింజలివి. 1919లో అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ సమ్నర్ ఒక రకం తమ్మకాయ గింజల నుంచి కాంకనావలిన్-ఎ అనే ప్రోటీన్‌ను స్ఫటికరూపంలో వేరుచేశాడు. 1936లో సమ్నర్, హొవెల్ ఈ ప్రోటీన్ చేసే గుంపుకట్టే పనిని చక్కెర ఆపివేస్తుందని చూపారు. ఆ ప్రోటీన్ కణాలను పట్టుకొనేది వాటిపైనున్న చక్కెర ద్వారానే అని దీనివల్ల తేలింది. 1954లో విలియం బాయిడ్, 'ఎంచుకొను' అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి వీటికి 'లెక్టిన్లు' అని పేరు పెట్టాడు.

పేరుకు తగినట్టు ఒక్కో లెక్టిన్ ఒక్కో రకం చక్కెరను ఎంచుకొంటుంది. కాంకనావలిన్-ఎ మానోజ్‌ను, గోధుమ మొలక లెక్టిన్ ఎన్-అసిటైల్ గ్లూకోజమైన్‌ను, వేరుశనగ లెక్టిన్ గాలక్టోజ్ ఉన్న ఒక ద్విశర్కరను గుర్తిస్తాయి. 1980ల్లో పలు ప్రయోగశాలలు ఇటువంటి లెక్టిన్లకు గుర్తింపు పదార్థాలను జోడించి కర్ణావర్తంపై ప్రయోగించాయి. 1987లో ఖల్ఖాలీ-ఎల్లిస్, హెమింగ్, స్టీల్ టెక్టోరియల్ త్వచంలోని చక్కెర సంయోగాలపై ప్రత్యేక అధ్యయనాన్ని వెలువరించారు. ఒకే రంగుగా కనిపించిన చక్కెర ఇప్పుడు రకాలుగా విడిపోయింది.

5. తెలుగు నేలపై లెక్టిన్ పరిశోధన:

ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం వంటి గ్రామాల పెరళ్లలో చిక్కుడు, పొట్ల, కాకర పాదులు సాధారణం. ఈ మూడింటి గింజల్లోనూ గాలక్టోజ్‌ను గుర్తించే లెక్టిన్లున్నాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఎం.జె. స్వామి బృందం పొట్ల, కాకర గింజల లెక్టిన్లు చక్కెరలతో బంధం ఏర్పరచుకొనే తీరును అధ్యయనం చేసింది. అదే విశ్వవిద్యాలయంలో ఎన్. శివకుమార్ బృందం చిక్కుడు లెక్టిన్‌పైనా, కణాల్లోని మానోజ్-6-ఫాస్ఫేట్ గ్రాహకాల పరిణామంపైనా పనిచేసింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు వేరుశనగ లెక్టిన్ నిర్మాణాన్ని 1994లో, పనస గింజలోని జాకలిన్ నిర్మాణాన్ని 1996లో ప్రచురించారు.

ఈ పరిశోధనల లక్ష్యం చెవి కాదు. అయినా చెవిలోని చక్కెరను చదవడానికి ఏ వర్గపు సాధనాలు అవసరమో ఆ వర్గపు సాధనాల స్వభావాన్నే ఇవి వెల్లడించాయి. మానోజ్-6-ఫాస్ఫేట్ విషయంలో సంబంధం మరికొంత దగ్గరది. ఈ చక్కెర గుర్తు కొన్ని ఎంజైములను కణంలోని లైసోసోములకు చేర్చే చిరునామా వంటిది. ఆ ఎంజైములు లోపించినప్పుడు వచ్చే మ్యూకోపాలీశాకరైడోసిస్ వ్యాధుల్లో పొడవైన చక్కెర గొలుసులు విచ్ఛిన్నం కాక పేరుకొంటాయి. వినికిడి లోపం ఈ వ్యాధుల్లో తరచుగా కనిపించే లక్షణం.

6. జన్యువుల కాలం:

1997లో లెగన్, రౌ, కీన్, రిచర్డ్‌సన్ చుంచెలుక టెక్టోరియల్ త్వచంలోని రెండు ప్రధాన ప్రోటీన్ల క్రమాన్ని ప్రకటించారు. ఆల్ఫా టెక్టోరిన్‌లో నత్రజని ద్వారా చక్కెర గొలుసు తగలడానికి వీలున్న స్థానాలు 33, బీటా టెక్టోరిన్‌లో 4 ఉన్నట్టు ఆ క్రమం సూచించింది. అండాన్ని శుక్రకణం అంటిపెట్టుకొనే వ్యవస్థలోని ప్రోటీన్లతో వీటికి పోలిక ఉండడం ఆ వ్యాసంలోని మరో విశేషం. అదే సంవత్సరం పారిస్‌లోని పాశ్చర్ సంస్థ పరిశోధకులు అంతర చెవి కణరహిత పొరలకే ప్రత్యేకమైన గ్లైకోప్రోటీన్‌ను 'ఓటోజెలిన్' పేరుతో వర్ణించారు.

1998లో ఆల్ఫా టెక్టోరిన్ జన్యువులోని మార్పులు మనుషుల్లో బహిర్గతంగా సంక్రమించే చెవుడుకు కారణమవుతాయని రుజువైంది. 1999లో ఒక లెబనాన్ కుటుంబంలో ఇదే జన్యువు వల్ల అంతర్గతంగా సంక్రమించే చెవుడు కూడా వస్తుందని తేలింది. 2000లో ఈ ప్రోటీన్‌ను దెబ్బతీసిన చుంచెలుకల్లో టెక్టోరియల్ త్వచం కార్టి అంగం నుంచి విడిపోయింది. ఆధార త్వచం స్వరాన్ని వేరుచేసి స్పందించినా, దాని సున్నితత్వం 35 డెసిబెళ్లు తగ్గింది. కదలికను కొలిచిన పూర్వ పరిశోధన, పదార్థాన్ని వెదకిన తరువాతి పరిశోధన ఈ ప్రయోగంలో కలుసుకొన్నాయి.

ఇక్కడొక వివేచన అవసరం. జన్యువు ప్రోటీన్‌లోని అమైనో ఆమ్లాల క్రమాన్ని నిర్దేశిస్తుంది. చక్కెర గొలుసు క్రమం అందులో నేరుగా రాసి ఉండదు. దానిని కణంలోని పలు ఎంజైములు మెట్టుమెట్టుగా నిర్మిస్తాయి. కనుక '33 స్థానాలు' అన్న సంఖ్య చక్కెర తగలడానికి వీలున్న చోట్లను మాత్రమే తెలుపుతుంది. టెక్టోరిన్ లోపిస్తే ప్రోటీన్, దాని చక్కెర రెండూ పోతాయి. ఆ ప్రయోగం చక్కెర పాత్రను విడిగా నిరూపించినట్టు భావించరాదు.

7. ముగింపు:

అంతర్గత సంక్రమణలో సాధారణంగా తల్లిదండ్రులిద్దరికీ వినికిడి ఉంటుంది. ఇద్దరిలోనూ ఒకే జన్యువు లోపపు ప్రతి ఒక్కొక్కటి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు చెవుడు వచ్చే అవకాశం 25 శాతం. రక్తసంబంధీకుల్లో ఒకే లోపపు ప్రతి ఇద్దరికీ ఉండే అవకాశం ఎక్కువ. మేనరికం ఆచారంగా కొనసాగిన తెలుగు సమాజంలో ఈ విషయానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. చెవుడుకు కారణమయ్యే అనేక జన్యువుల్లో టెక్టోరిన్ జన్యువు ఒకటి మాత్రమే. అయినా బిడ్డ చెవుడును తల్లి చేసిన తప్పుగానో, పూర్వజన్మ ఫలంగానో ఎంచే చోట, కారణాన్ని ఒక నిర్దిష్టమైన పొర దాకా, ఒక ప్రోటీన్ దాకా చూపగలగడం సామాజికంగానూ విలువైన జ్ఞానమే.

ఈ చరిత్రలో రంగు 'ఉంది' అని చెప్పింది, గింజ 'ఏది' అని చెప్పింది, జన్యువు 'ఎక్కడ' అని చెప్పింది. 'ఎందుకు' అన్న ప్రశ్నకు సమాధానం కావాలంటే ప్రోటీన్‌ను నిలిపి ఉంచి చక్కెరను మాత్రమే మార్చి చూడగల ప్రయోగాలు కావాలి. ఆ దశను తెలుగులో చర్చించడానికి ఆకారాన్ని చెప్పే పదాలతో పాటు పదార్థాన్నీ దాని పనినీ చెప్పే పదాలను సిద్ధం చేసుకోవడం తెలుగు పరిభాషా పరిశోధకుల ముందున్న పని.