పండక్కి మూకుడు పెట్టిన రోజులు

రండి, ఇలా నా దగ్గరగా కూచోండర్రా. సంక్రాంతికి పాతికమందిని పిలిచేశారుట, ఏం వండాలో ఎంత వండాలో తేలక తలలు పట్టుకున్నారుట. పిలవడం తేలికే మరి! మా కోనసీమలో ఆ లెక్క పండగ ముందు రోజున వేసేవాళ్లు కాదు. నెలగంట పెట్టిన రోజునే మా అత్తగారి మనసులో మొదలయ్యేది. డిసెంబరు సగంలో ధనుర్మాసం వస్తుంది కదా, అక్కడినుంచి భోగికి దాదాపు నెల. ఆ నెలని ఆవిడ చివరి రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టుకునేవారు. ఎక్కువ రోజులు నిలవుండేది ముందు చెయ్యాలి, పూట దాటితే పాడయ్యేది చివర చెయ్యాలి. ఆవిడ పద్ధతంతా ఇంతే.

మినుములు వేయించి తిరగట్లో విసిరిన సున్ని జాడీలో పడితే పండగ పనికి శ్రీకారం చుట్టినట్టు. అందులో బెల్లం కలిపేవారు కాదు, పిండిగానే ఉంచేవారు. చుట్టాలు బయల్దేరారని తెలిశాక నెయ్యి కాచి, బెల్లం కోరు కలిపి ఉండలు చుట్టేవారు. సున్ని తరవాత జంతికలు, చెగోడీలు. భోగి ఇంకో వారం ఉందనగా అరిసెలు. కొబ్బరి లౌజు పెట్టిన కజ్జికాయలు ఎక్కువ రోజులు ఆగవు కాబట్టి వాటికి చివర్లో ఒక రోజు. బూరెలు, గారెలు, పులిహోర మాత్రం ఏ రోజువి ఆ రోజే. బియ్యం కూడా రెండు రకాలు విడిగా కట్టి పెట్టేవారు. కొత్త బియ్యం పొంగలికీ పరమాన్నానికీ, పాత బియ్యం పులిహోరకీ పంక్తి భోజనాలకీ. కొత్త బియ్యంతో అన్నం వండితే ముద్దవుతుంది, పైగా పొట్టలో బరువు. వచ్చినవాళ్లంతా పొట్ట పట్టుకుని కూచుంటే ఇక పండగేముంది?

ఇదంతా ఒక్క మనిషి చేతిమీద అయ్యే పని కాదు. మా వీధిలో ఇంటికో రోజు వంతు. ఇవాళ మా ఇంట్లో మూకుడు, రేపు పక్కింట్లో, ఎల్లుండి ఎదురింట్లో. ఎవరింట్లో పొయ్యి రాజేస్తే మిగతా ఆడవాళ్లంతా పీటలేసుకుని అక్కడే. జంతికల గొట్టం వీధంతటికీ ఒకటో రెండో ఉండేవి. అరిసెలు నొక్కే చెక్కలు ఎవరింటికి వెళ్లాయో వెతుక్కోవడం ఒక పూట పని. బియ్యం ముందు రోజే నానబోసి, నీళ్లు వంపేసి, తడి ఉండగానే రోట్లో పోసేవారు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒక పోటు మీద ఇంకో పోటు. దంచింది దంచినట్టు జల్లించి, గిన్నెలో అదిమి తడిగుడ్డ కప్పాలి. పిండి తడి ఆరిపోతే అరిసె మాట వినదు.

పాకం దగ్గర మాత్రం వీధికంతటికీ పెద్దావిడ ఒకరు కూచునేవారు. పళ్లెంలో నీళ్లు పోసి, పాకం చుక్క వేసి, వేలితో కూడదీస్తే మెత్తటి ఉండ కట్టాలి. లేతగా దించితే అరిసె నూనెలో విచ్చిపోతుంది. ముదిరితే తాతల పళ్లకి పరీక్షే. ఆవిడ ‘దించండి’ అన్నాక ఇంకెవరూ నోరెత్తడానికి లేదు.

బెల్లం అంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది. మా పుట్టింట్లో అనకాపల్లి బెల్లమైనా సరే, ముక్క గిల్లి నాలిక మీద వేసుకోందే బేరం లేదు. ఉప్పదనం తగిలితే పాకానికి పనికిరాదని వదిలేసేది. అప్పట్లో తూకం వీశెల్లో. 1957లో నయాపైసలొచ్చాయి. పాత లెక్కలో రూపాయికి పదహారణాలు, కొత్త లెక్కలో నూరు పైసలు. అణాకి ఆరుంబావు పైసలు రావాలి, ఆ పావు పైస ఎవరిస్తారు? అందుకని అణా సరుక్కి ఆరు పైసలు తీసుకునేవారు, నాలుగణాల సరుక్కి పాతిక. మా నాయనమ్మ అక్కడ కిటుకు పట్టేసింది. నాలుగణాల ఏలకులు ఒక్కసారి కొంటే పాతిక పైసలు, అణా చొప్పున నాలుగుసార్లు కొంటే ఇరవై నాలుగే! ఆ ఒక్క పైస కోసం పిల్లలందరినీ మార్చి మార్చి కొట్టుకి పంపేది. కొట్టతను నవ్వుతూనే కట్టిచ్చేవాడు, మూడోసారి వెళ్లినవాడికి చేతిలో ఇంత పటికబెల్లం కూడా పెట్టేవాడు. నాయనమ్మ ఆ పైసని కొంగున కట్టుకుని పొలం మిగిల్చినంత సంబరపడేది.

సరే సరే, బెల్లంలోంచి పైసల్లోకి పోయాను. మళ్లీ పండగ లెక్కలోకి రండి.

ఎవరొస్తున్నారో మాకు పదిహేను పైసల పోస్టుకార్డు చెప్పేది. ‘భోగికి ముందు వస్తున్నాము’ అని రాసేవాళ్లు గానీ, ఎంతమందో రాసేవాళ్లు కాదు. కోటిపల్లి రేవు దాటి వచ్చేసరికి అల్లుడితోపాటు అల్లుడి తమ్ముడు, ఆ తమ్ముడితోపాటు అతని స్నేహితుడు. ‘ఎంతమంది వస్తారు, ఎన్నాళ్లుంటారు’ అని అడిగితే ఇక మర్యాద గంగలో కలిసినట్టే. అడగకుండా లెక్క తేలాలి కదా, దానికి పెద్దవాళ్లు ఉపాయం ముందే చెప్పి ఉంచారు, కనుమనాడు కాకైనా కదలదని. కాబట్టి కనుమ దాటేదాకా ఎవరూ పెట్టె సర్దరు. భోగి ముందు రాత్రి నుంచి ముక్కనుమ పొద్దుటి దాకా విస్తళ్లు లెక్కేసుకుంటే చాలు. కనుమనాడు మినుము తినాలి కనుక ఆ రోజు గారెలు, మా రైతుల ఇళ్లలో నాటుకోడి కూర.

కొత్త అల్లుళ్ల అలక మీరు సినిమాల్లో చూసి నవ్వుతారు. మేం కళ్లారా చూశాం. ఒకాయన వాచీ పెడితేగానీ భోజనానికి లేవనని పడకగదిలో పొద్దుటినుంచీ బిగుసుకు కూచున్నాడు. మావగారు బతిమాలారు, బావమరుదులు బతిమాలారు. మా అత్తగారు ఎవరినీ ఏమీ అనకుండా, ఆ గది కిటికీ ఎదురుగా పెరట్లో పొయ్యి పెట్టించి గారెలు వేయించడం మొదలెట్టారు. తింటే గారెలే తినాలి, వింటే భారతమే వినాలి అన్నారు కదా. మూడో వాయి దిగేలోపు అల్లుడుగారు కాళ్లు కడుక్కుని పీట మీదున్నారు. వాచీ మరుసటి ఏడు కొన్నార్లెండి, అడక్కుండానే.

అసలు సరుకంతా పంక్తిలోనే అయిపోతుందనుకుంటున్నారా? సగానికి పైగా అటకెక్కేది, సారె కోసం. ఆడపిల్ల అత్తారింటికి తిరిగి వెళ్తే ఆ ఊళ్లో ఎన్ని గడపలకి పంచాలో లెక్క కట్టి బుట్టలో అరిసెలు సర్దేవారు. ఒక్క గడప తప్పితే ఏడాదంతా ఆ పిల్లకి మాట. అందుకే మా అత్తగారు నెల ముందే కూతురి ఊరునుంచి ఎవరొచ్చినా మజ్జిగిచ్చి కూచోబెట్టి, ఆ వీధిలో కొత్తగా ఎవరు కాపరానికొచ్చారో కదిపేవారు. హరిదాసుకి, గంగిరెద్దులవాళ్లకి, పాలేరు ఇంటికి, చాకలి ఇంటికి వేరుగా డబ్బాలు. డాల్డా డబ్బాలు ఊరికే పారేసేవాళ్లం కాదు, కడిగి ఆరబెట్టి ఇందుకే దాచేవాళ్లం.

ఇప్పుడు నేను చెప్పేది కాస్త మనసు పెట్టి వినండి. అప్పటి పంక్తిలో మగవాళ్లు, పిల్లలు ముందు తినేవారు. వండి వడ్డించిన ఆడవాళ్లు ఏ మూడింటికో, మిగిలినదాంతో తినేవారు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూచున్నా ఫరవాలేదంటారే, వడ్డించేవాళ్లే కడపంక్తిలో కూచుంటే వాళ్లకెవరు వడ్డిస్తారు? ఎన్నో ఇళ్లలో పులుసు నీళ్లే మిగిలేవి. అది తప్పు. అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే. మా అత్తగారు మాత్రం పులిహోర కలపగానే ఒక గిన్నెడు తీసి మూతపెట్టి పైన పెట్టేవారు. గారెలు, బూరెలు కూడా అంతే. ‘పొయ్యి దగ్గర మాడినవాళ్లది’ అనేవారు. ఇంటి పెద్దాయన అడిగినా ఆ గిన్నె కిందికి దిగేది కాదు. నేను కాపరానికొచ్చిన మొదటి సంక్రాంతికి ఆ గిన్నెలోంచే ఆవిడ నా ఆకులో వడ్డించారు, నన్ను ముందు కూచోబెట్టి.

1996 నవంబరు 6న తుఫానొచ్చింది. మీలో కొందరు పుట్టనే లేదు. కొబ్బరిచెట్లు వరసల కొద్దీ కూలిపోయాయి, చేలో వరి నీళ్లపాలైంది. పండక్కి ఇంకా రెండు నెలలే. ఈ ఏడు ఎవరినీ పిలవద్దని మావారన్నారు. కలిమిలేములు కావడికుండలు, పిలవండి, అన్నారు అత్తగారు. ఆ ఏడు జంతికల్లేవు, కజ్జికాయల్లేవు. అరిసెలొక్కటే, అవీ అరచేతిలో సగమంత. వీధిలో వంతులు మాత్రం మానలేదు, నాలుగిళ్ల పిండీ ఒక్క పొయ్యి మీదే. కూతుళ్లూ అల్లుళ్లూ బియ్యం మూటలు మోసుకొచ్చారు. అల్లుళ్లు పండగ మూడు రోజులూ తోటలో పడిన చెట్లు నరికి దారులు తీశారు. భోజనానికి పిలిస్తే మట్టి చేతులతో వచ్చేవారు. ఆ ఏడు ఒక్కరూ అలగలేదు. వెళ్లేటప్పుడు సారె బుట్టలో అరిసెలు తక్కువయ్యాయని అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటే, ‘గడపకో అరిసె చాలత్తా, ఊరివాళ్లకి తెలియదా ఏంటి’ అన్నాడు పెద్దల్లుడు. ఇన్ని పండగలు చేశాను గానీ నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఆ పండగే.

మీ పాతికమంది సంగతి చూద్దాం. పాతికన్నారంటే ముప్పై మందికి వండండి. రావలసినవాళ్లలో ఇద్దరు రారు, పిలవనివాళ్లు నలుగురొస్తారు. జంతికలు కొట్లో కొనుక్కోండి, నేనేం అనను. గారెలు మాత్రం ఇంట్లోనే, వేడివేడిగా ఆకులో పడాలి, దానికి ఇద్దరు మగపిల్లల్ని మూకుడు దగ్గర నిలబెట్టండి, నేర్చుకుంటారు. వండేవాళ్ల గిన్నె ముందు తీసి పెట్టండి, అది మరిచిపోతే నేను పీట మీద కూచోను. అరిసెలకి నాలుగు కిలోల బియ్యం చాలు, కిలోకి ముప్పావు కిలో బెల్లం మించనివ్వకండి. నువ్వులు నేను ఏరి పెడతాను. నానబోసేముందు చెక్కలు ఎవరింట్లో ఉన్నాయో కనుక్కోండి. బెల్లం మాత్రం తొందరపడి తెచ్చెయ్యకండి, నన్ను కూడా కొట్టుకి తీసుకెళ్లండి, నాలిక మీద వేసుకుని చూసి చెప్తాను.